తొమ్మిదంగుళాల గోడ

మా అమ్మాయి చికాగోలో ఆర్కిటెక్చర్ చదువుతోంది. పోయిన మార్చిలో ఒక శనివారం నేపర్‌విల్‌లోని మా ఇంటికి వచ్చి, వంటింటి గట్టు మీద పెద్ద ట్రేసింగ్ కాగితం పరిచి, నా చేతిలో పెన్సిల్ పెట్టింది. వాళ్ల టీచర్ ఒక పని ఇచ్చిందట. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరిని కూర్చోబెట్టి, ఒకప్పుడు వాళ్లు కాపురమున్న ఇంటిని గుర్తున్నంత వరకు గీయించాలి. ఫొటోలు చూడకూడదు. ఇంటర్నెట్‌లో వెతకకూడదు.

"నువ్వు పుట్టిన ఇల్లు గీయనా?" అన్నాను.

"ఇంగ్లండ్‌దా? నాకు దాని గురించి ఏమీ గుర్తు లేదు అమ్మా. అదే డ్రా చెయ్యి."

గుర్తుండదు. ఆ ఇల్లు వదిలేనాటికి దానికి మూడేళ్లు. నేను కాకినాడ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసినదాన్ని. ఇంగ్లండ్‌లో నాలుగేళ్లు ఒక చిన్న ఆఫీసులో డ్రాయింగులు గీసి బతికాను. అమెరికా వచ్చాక చెయ్యి ఆ పని మరిచిపోయిందనుకున్నాను. మరిచిపోలేదు. స్కేలు పెట్టి, పద్నాలుగు అడుగుల ఎడంతో రెండు గీతలు గీశాను.

"ఇదీ ఇంటి వెడల్పు."

"ఇది ఒక రూమ్‌దా, మొత్తం ఇల్లా?"

"మొత్తం ఇల్లే."

"అమ్మా, మన గరాజ్ ఇంతకన్నా పెద్దది."

అది ఇంగ్లండ్ ఉత్తరాన, బట్టల మిల్లులు మూతపడిన ఒక చిన్న ఊరు. మావారికి అక్కడి ఆస్పత్రిలో డాక్టరు ఉద్యోగం వచ్చింది. కొండవాలున ఒక వీధి, ఆ వీధి పొడుగునా మిల్లు కార్మికుల కోసం వందేళ్ల కిందట ఒకేసారి కట్టిన ఇరవై రెండు ఇళ్లు. ఇంటికీ ఇంటికీ మధ్య బెత్తెడు సందు లేదు. ప్రతి ఇల్లూ పక్కింటి గోడనే తన గోడ చేసుకుని నిలబడింది. వీధి దిగుతున్నకొద్దీ పలకల కప్పులు కూడా మెట్లు మెట్లుగా దిగుతూ పోయేవి. ముందు అరుగు లేదు, వరండా లేదు. వీధి తలుపు తీస్తే ఒక రాతి మెట్టు, దాని కింద కాలిబాట. అలాంటి ఇంటిని అక్కడ టెర్రేస్ హౌస్ అంటారు. మేం టెర్రేస్ హౌస్ కొన్నామని ఫోన్‌లో చెబితే, మా అక్క "అయితే వడియాలు పెట్టుకోవచ్చన్నమాట" అంది. ఇక్కడ టెర్రేస్ అంటే డాబా కాదనీ, వరస అనీ చెప్పడానికి ఫోన్ కార్డు సగం అయిపోయింది.

నేను గీస్తూ ఉంటే మా అమ్మాయి పక్కన నోట్సు రాసుకుంటోంది. కింద రెండు గదులు, పైన రెండు గదులు. కింద ముందుగది వీధి వైపు, వెనకగది పెరటి వైపు. వెనకగది మూలన ఒక తలుపు తెరిస్తే, అలమర అనుకున్నది మెట్లు. వెనకాల వంట చేసుకునే చిన్న గది, ఆ తరువాత ఎవరో ఎప్పుడో అతికించిన స్నానాల గది. పెరట్లో ఒకప్పటి బొగ్గుల కొట్టు, దాని పక్కన పాత మరుగుదొడ్డి. పెరటి గోడ అవతల ఇరుకు సందు, ఆ సందుకు అటువైపు ఇంకో వీధి వాళ్ల పెరళ్లు.

"మెట్లు ఎన్ని?" అంది.

"పదమూడు."

"ఇంత తక్కువ ప్లేస్‌లో పదమూడా? ఇది బిల్డింగ్ కోడ్ పాస్ అవ్వదు అమ్మా. పడిపోతారు."

"పడ్డాం. మీ నాన్న రెండుసార్లు పడ్డారు."

అప్పుడు నేను గోడ గీయడం మొదలుపెట్టాను. మా ఇంటికీ ఎగువన ఉన్న ఇంటికీ మధ్య గోడ. తొమ్మిదంగుళాల మందం, అంటే ఒక ఇటుక పొడవంత. మన వైపు ఉమ్మడి గోడ అంటాం. మా ఆఫీసులో ఆ గోడను పూర్తిగా గీసి, నడిమధ్యన చుక్కల గీత పెట్టమని నేర్పారు. అక్కడిదాకా ఈ ఇంటిది, అక్కణ్ణించి ఆ ఇంటిది. నేనూ అలాగే చుక్కల గీత పెట్టి, అవతలి వైపు తెల్లగా వదిలేశాను.

ఆ అవతలి వైపున ఒక ముసలావిడ ఒక్కతే ఉండేది. మేం చేరేనాటికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఆ ఇంట్లోనే, పైన వెనకగదిలో పుట్టిందట. పెళ్లి చేసుకోలేదు. పద్నాలుగో ఏట మగ్గాల మీదికి వెళ్లి, మిల్లు మూసేదాకా అక్కడే పనిచేసింది. మగ్గాల హోరుకి చెవులు పోయాయి. ఆ మిల్లుల్లో ఎవరి మాట ఎవరికీ వినబడేది కాదు కాబట్టి ఆడవాళ్లందరూ పెదవులు చూసి మాట్లాడుకునేవారట. చెవులు పోయినా ఆ విద్య ఆవిడకి మిగిలింది.

మొదటిరోజు నేను వాకిట్లో నిలబడి, గొంతు పెంచి, నన్ను నేను పరిచయం చేసుకున్నాను. "అరవనక్కర్లేదమ్మాయ్," అంది. "నా వైపు తిరిగి మాట్లాడు, చాలు."

ఆ ఊళ్లో దుకాణంలోనైనా బస్సులోనైనా నా ఇంగ్లీషు విని ఒకటికి రెండుసార్లు అడగని వాళ్లు లేరు. ఆవిడ మాత్రం అడిగేది కాదు. నేను మాట్లాడుతున్నంతసేపూ కళ్లు నా నోటి మీద నుంచి కదిలేవి కావు. నన్ను అంత శ్రద్ధగా విన్నవాళ్లు అంతకు ముందూ లేరు, ఆ తరువాతా లేరు. వినడం అనే మాట ఆవిడకి సరిపోదేమో కానీ నాకు ఇంకో మాట దొరకదు.

గోడకి అవతల ఆవిడ బతుకంతా నాకు చప్పుళ్లుగా తెలిసేది. పొద్దున్నే పొయ్యిలో బూడిద గీకడం, కెటిల్ పెట్టడం, కుర్చీ జరపడం. తనకి వినబడదు కాబట్టి ఏ పనీ మెల్లగా చేసేది కాదు. మా పాప పుట్టాక రాత్రింబగళ్లు ఏడ్చేది. వీధిలో ఇంకెవరి పక్కన ఉన్నా మొహం చాటేసుకుని తిరగాల్సి వచ్చేది. ఆవిడ మాత్రం ఉయ్యాల్లోకి తొంగిచూసి, "ఏడుస్తున్నావు కదూ, నాకు తెలుస్తోందిలే, పెదవి చూడు ఎలా పెట్టిందో," అనేది.

పాపకి ఏడాది నిండినప్పుడు నేనొక తప్పు చేశాను.

ఆ ఇళ్లలో ప్రతి గదికీ చలి కాచుకోవడానికి ఒక పొయ్యి ఉండేది. పొయ్యి చుట్టూ కట్టిన ఇటుక దిమ్మె గదిలోకి అడుగుకి పైగా పొడుచుకొచ్చి, కింది గది నుంచి పైగదిలోకి, అక్కణ్ణించి కప్పు మీద పొగ గొట్టాల దాకా లేచేది. మా పొయ్యిలు ఎప్పుడో మూసేశారు. వెనకగదిలో భోజనాల బల్ల, పాప మంచం రెండూ పట్టడం లేదు. దిమ్మె తీసేస్తే పడతాయి. అప్పటికి నేను ఆ ఊళ్లో యాభై అరవై ఇళ్లు కొలిచి ఉంటాను. అలాంటి దిమ్మెలు తీసేసిన ఇళ్లెన్నో చూశాను. మా ఆఫీసాయన్ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. నాకు తెలియదా అనుకున్నాను. ఒక మేస్త్రీని పిలిచి కింది గదిలో దిమ్మె కొట్టించి, పైగదిలో ఉన్న దిమ్మెకి ఆసరాగా గోడలోకి రెండు ఇనుప బ్రాకెట్లు దిగ్గొట్టించాను. గది ఎంత పెద్దదైందో అని మావారు మురిసిపోయారు.

మూడు నెలలయ్యాక, మంచు పడుతున్న ఒక మధ్యాహ్నం, పక్కింటావిడ మా తలుపు కొట్టింది. "ఒకసారి రా, నీకొకటి చూపిస్తాను," అంది. పైన వెనకగదికి తీసుకెళ్లింది. ఆవిడ మంచం పక్కన, ఉమ్మడి గోడ మీద, కప్పు దగ్గర నుంచి నడుము ఎత్తు దాకా పగులు. వేలి కొస దూరుతుంది. గోడ కాగితం రెండుగా చీలి, దాని కింద ఇంకో కాగితం, దాని కింద ఇంకో కాగితం కనిపిస్తున్నాయి. నీలం పువ్వులది ఆవిడ అమ్మ అతికించిందట. దుప్పటి మీద మసి రాలి ఉంది.

నాకు చూడగానే అర్థమైంది. ఆ దిమ్మె మా ఒక్కరిది కాదు. వీపూ వీపూ ఆనించి కట్టిన రెండు దిమ్మెల్లో ఒకదాని కాళ్లు నేను తీసేశాను. రెండోది దానితో పాటు కిందికి దిగుతోంది.

"తప్పు నాది," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసి, "మళ్లీ చెప్పు," అంది. నా పెదవులు వణుకుతున్నాయి కాబట్టి ఆవిడకి అందలేదు.

మళ్లీ చెప్పాను. ఎందుకు తప్పో కూడా చెప్పాను. ఆవిడ మంచం మీద కూర్చుని దుప్పటి మీద మసిని అరచేత్తో ఒక పక్కకి తోసింది. "నేను పుట్టినప్పటి నుంచీ ఈ ఇల్లు కదులుతూనే ఉంది. నీ ఒక్కదాని వల్ల కూలదు. బాగుచేయించు, అంతే," అంది. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

మర్నాడు మా ఆఫీసాయన ఇంజనీరుని తీసుకొచ్చారు. ఇనుప దూలం తెప్పించారు. అది ఎక్కించేదాకా రెండిళ్లలోనూ వెనకగదులు వాడకూడదన్నారు. ఆవిడ ఇంట్లో కప్పుకి ఆసరాగా నిలబెట్టిన పోట్లు సరిగ్గా మెట్ల తలుపుకి అడ్డమొచ్చాయి. ఇక ఆవిడకి మిగిలింది కింద ముందుగది ఒక్కటే. అక్కడ మంచం వేస్తామంటే ఒప్పుకోలేదు.

"ఆ గదిలో పడుకున్నవాళ్లెవరూ లేవలేదు," అంది.

ఆ ఇళ్లలో ముందుగది వాడుకోవడానికి కాదు. మంచి కుర్చీలు, గాజు బొమ్మలు అక్కడ పెట్టి తలుపు వేసుకునేవారు. చుట్టాలొస్తే తీసేవారు, ఎవరైనా పోతే తీసేవారు. మెట్లు ఇరుకు కావడంతో శవపేటిక పైకి ఎక్కదు, కిందికి దిగదు. అందుకని మంచాన పడ్డవాళ్లని ముందే కిందికి తెచ్చేసేవారట. ఆవిడ నాన్నా, అమ్మా, తమ్ముడూ ముగ్గురూ ఆ గదిలోంచే వెళ్లారు.

"అయితే మా ముందుగదిలో పడుకోండి," అన్నాను.

"మీది వేరు. దాన్లో పిల్ల ఆడుతుంది," అంది.

అలా ఆవిడ చిన్న సంచీ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. జీవితంలో ఆ ఇల్లు వదిలి ఇంకోచోట పడుకోవడం అదే మొదటిసారి అని తరువాత తెలిసింది. సముద్రం ఒడ్డున ఇంకో ఊళ్లో మేనకోడలు ఉన్నా ఎప్పుడూ పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేసేదట. తొమ్మిది రోజులు మాతో ఉంది. ఒకే కొలతల ఇల్లే అయినా మాది అద్దంలో చూసినట్టు అటుదిటు. ఆవిడ చీకటి పడితే కుడివైపు స్విచ్ కోసం తడుముకునేది, మాకు ఎడమవైపు. పప్పన్నం చెంచాతో తినేది. ఉప్మా నచ్చలేదు, నచ్చలేదని చెప్పింది.

నాలుగో రోజో ఐదో రోజో, మావారూ నేనూ ఏదో మాట్లాడుకుంటుంటే మమ్మల్ని మార్చి మార్చి చూస్తూ కూర్చుంది. "మీ భాషలో ఒక విచిత్రం ఉంది," అంది.

"ఏమిటి?"

"మీ మాటలన్నీ నోరు తెరిచే ఆగుతాయి. మేం మూసేస్తాం. మీరు మూయరు. ఇంకా ఏదో ఉందేమో అని చూస్తూ ఉంటాను, అయిపోయి ఉంటుంది."

మావారు ఒక్కొక్క మాటా పైకి అని చూసుకున్నారు. ఇల్లు, గోడ, అన్నం, పాప. అన్నం దగ్గర ఆగి, "ఇది మూసుకుంటుంది," అన్నారు. "ఒకటి దొరికింది," అని ఆవిడ నవ్వింది. వెళ్లేలోగా 'రా', 'తిను', 'చాలు' పెదవుల మీద పట్టేది. నేను ఇంకో గరిటె వేయబోతే పాప కంటే ముందు తనే "చాలు" అనేది. ఎప్పుడూ చెవిన పడని మాటని ఆవిడ ఎంత శుభ్రంగా పలికిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

దూలం ఎక్కింది. పగులు పూడ్చారు. గోడ కాగితం మటుకు ఆవిడ వేయించుకోలేదు, ఆ నీలం పువ్వులు కనబడుతూ ఉండనీ అంది.

తరువాత రెండేళ్లకి మావారు పరీక్షలు రాసి అమెరికాలో ట్రైనింగ్ సంపాదించారు. ఇల్లు అమ్మేశాం. వెళ్లేరోజు పొద్దున్న టాక్సీలో సామాను ఎక్కిస్తుంటే, ఆవిడ బక్కెట్టూ గుడ్డా తీసుకుని బయటికి వచ్చింది. అక్కడి ఆడవాళ్లు వారానికోసారి వీధి మెట్టు కడిగి, ఒక మెత్తటి రాయితో అంచు తెల్లగా రుద్దేవారు. ఆవిడ తరం వాళ్లే ఇంకా చేసేవారు. ముందు తన మెట్టు కడిగింది. తరువాత మేం ఇంకా టాక్సీ ఎక్కుతుండగానే మోకాళ్ల మీద జరుగుతూ వచ్చి మా మెట్టు కడగడం మొదలుపెట్టింది.

మా పుట్టింట్లో ఎవరైనా ఊరెళితే వెంటనే చీపురు కూడా పట్టనిచ్చేవారు కాదు. ఇల్లు కడిగేది మనిషి ఇక రాకుండా పోయినప్పుడే. ఆవిడకి అదేమీ తెలియదు. వచ్చేవాళ్లకి శుభ్రమైన మెట్టు ఉండాలనుకుంది, అంతే. వద్దని చెప్పాలంటే ఆవిడ నా వైపు చూడాలి. తల వంచుకుని రుద్దుతోంది. టాక్సీ కదిలింది.

నాలుగో ఏట మేనకోడలు ఉత్తరం రాసింది. ఆవిడ ఆస్పత్రిలో పోయిందనీ, ఇల్లు అమ్మకానికి పెట్టారనీ.

ఇదంతా ఆ శనివారం మా అమ్మాయికి చెప్పలేదు. గదుల కొలతలు చెప్పాను, మెట్లు చెప్పాను, కిటికీ పైకి తోసేదని చెప్పాను. అది రాసుకుని, కాగితం చుట్టుకుని వెళ్లిపోయింది. నేను ఆ సాయంత్రం మా ఇల్లు చుట్టూ తిరిగి చూశాను. ఈ ఇంటికి నాలుగు వైపులా గడ్డి. పక్కింటివాళ్లు ఆరేళ్లుగా ఉన్నారు, మంచివాళ్లు, వాళ్ల గరాజ్ తలుపు ఎప్పుడు లేస్తుందో నాకు తెలుసు. మా గోడల మీద చెయ్యి వేస్తే అవతల ఎవరూ లేరు, చలి ఆపడానికి కూరిన దూదీ గాలీ ఉన్నాయి. ఈ ఇంట్లో నాకేమీ తక్కువ కాలేదు. అయినా ఆ రాత్రంతా పద్నాలుగు అడుగుల వెడల్పులో ఉండాలనిపించింది.

రెండు వారాల తరువాత కాలేజీలో ఆ డ్రాయింగులన్నీ గోడకి పెట్టి, ఇంట్లోవాళ్లని కూడా రమ్మన్నారు. నేను ట్రైన్‌లో చికాగో వెళ్లాను. నా గీతల పక్కన మా అమ్మాయి శుభ్రంగా ఇంకులో గీసిన ప్లాను ఉంది. వాళ్ల టీచర్ నడివయసు ఆవిడ. ప్లాను దగ్గరగా చూసి, గోడ మధ్య చుక్కల గీత మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగింది.

"సగం గోడే మాది," అన్నాను ఇంగ్లీషులో. "అటు సగం పక్కింటావిడది."

"ఆ ఇంట్లోకి మీరెప్పుడైనా వెళ్లారా?"

"చాలాసార్లు."

"మరి తెల్లగా ఎందుకు వదిలేశారు?"

మా అమ్మాయి నా వైపు చూసింది. "అమ్మా, నువ్వు ఆ పార్ట్ నాకు చెప్పలేదు," అంది మెల్లగా.

టీచర్ తన పెన్సిల్ ఇచ్చింది. నలుగురి ముందూ గీయడం నాకు కొత్త. అయినా గీశాను. ఆవిడ పొయ్యి, పొయ్యి పక్కన కుర్చీ, మూసి ఉంచే ముందుగది, పైన వెనకగదిలో మంచం, మంచం పక్కన పగులు. గీస్తూ ఆ పగులు కథ చెప్పాను. నా తప్పు గురించి మా అమ్మాయి వినడం అదే మొదటిసారి. పైన ముందుగది దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆ గది నేనెప్పుడూ చూడలేదు.

"అక్కడ ఏముందో తెలీదు," అన్నాను. టీచర్ తల ఊపింది.

తిరిగి వచ్చేసరికి సాయంత్రం అయింది. మావారు స్టేషన్ బయట కారులో ఉన్నారు. ఎలా జరిగిందని అడిగితే చెప్పాను. ఆవిడ ఇల్లు కూడా గీశానని చెప్పాను. రెండు సిగ్నళ్లు దాటాం.

"వచ్చేసేరోజు పొద్దున్నే నేను వాళ్లింటికి వెళ్లాను, తెలుసా నీకు? మన తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గరుంటే తెచ్చుకోవడానికి," అన్నారు. "మీ భాషలో సెలవు తీసుకునేటప్పుడు ఏమంటారని అడిగింది. వెళ్ళొస్తాం అంటామన్నాను. అర్థం ఏమిటంది. వెళ్లి, మళ్లీ వస్తాం అని చెప్పాను. ఎప్పుడు అంది."

"మీరేమన్నారు?"

"వేసవికి అన్నాను."

ఆ వేసవికి మేం వెళ్లలేదు. వీసా స్టాంపింగ్ ఉంది, ఆయనకి సెలవు లేదు. మరుసటి వేసవికి ఇంకోటేదో ఉంది. మూడో వేసవికి అసలు ఆ ఊసే రాలేదు.

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే టికెట్లు బుక్ చెయ్యమనేదానివి."

నిజమే, అనేదాన్నే. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. కిటికీ అద్దం దించాను. మార్చి చలి మొహానికి కొట్టింది. ఆయన హీటర్ పెంచారు గానీ అద్దం ఎత్తమని అనలేదు. ఇంటి దాకా అలాగే వచ్చాం.